హెల్మెట్ మీది దిష్టిచుక్క

వీరాంజనేయులు తన కోటు తెచ్చి గరాజ్‌లో వేలాడదీసిన రోజున రెండిళ్ళ అవతలి కుక్క తుమ్మేది. నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమని మా వీధిలో ప్రతీతి. కుక్క సంగతి మిగతా సగంలోది.

టెక్సస్‌లోని ప్లేనోలో మా అబ్బాయి ఇంటి పక్కిల్లు వాళ్ళది. దాన్ని అందరూ ఉమ ఇల్లు అనేవారు. ఉమ నర్సు. ఆమె ఉద్యోగం మీద గ్రీన్‌కార్డ్ వచ్చింది, ఆ కార్డ్ వెనకే మొగుడు వీరాంజనేయులు వచ్చాడు. తెనాలిలో ఎం.సి.ఏ. చదివినవాడు. వచ్చీ రాగానే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని దొరికింది. దొరికిన ఏడాదే, అంటే 2001లో, ఆ కంపెనీయే మూతపడింది. ఆ తర్వాత ఇంకెవరూ పిలవలేదు. ఇంట్లో వంట, బట్టలు, ఉమను హాస్పిటల్ దగ్గర దింపడం, మళ్ళీ తీసుకురావడం. వారాంతపు విందుల్లో మగవాళ్ళంతా వీసాల గురించి, ప్రాజెక్టుల గురించి మాట్లాడుకుంటూ ఉంటే అతను పేపర్ ప్లేటు పట్టుకుని గోడవారగా నిలబడేవాడు.

"మీరు ఉమగారి హస్బెండ్ కదూ?" అని ఎవరో ఒకరు పలకరించేవారు. పేరు అడిగేవారు కాదు.

"ఏం బ్రదర్, ఇవాళ ఏం కూర? మా ఆవిడకి రెసిపీ వాట్సాప్... అదే, ఈమెయిల్ చెయ్యి," అనేవాడు మరొకడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే పన్ను నొప్పితో ఉన్నవాడిని ఫోటోకి నవ్వమన్నట్టుండేది. వాట్సాప్ అప్పటికి పుట్టలేదంటారా, నిజమే. ఆ వెటకారం మాత్రం అప్పటికే పుట్టింది.

అతని దశ తిప్పింది ఎండు మిరపకాయల పోపు. అప్పట్లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. ఒక మధ్యాహ్నం పోపు మాడింది, పొగకు అలారం మోగింది, బిల్డింగ్ అంతా బయటికి పరిగెత్తింది. ఫైర్ ఇంజన్ వచ్చింది. నలుగురు మనుషులు బూట్లు టకటకలాడిస్తూ మెట్లెక్కుతూ ఉంటే అంత జనమూ రెండుగా చీలి దారి ఇచ్చారు. డైరెక్టర్లూ మేనేజర్లూ గోడకు అతుక్కుపోయారు. వీరాంజనేయులు చేతిలో గరిటె పట్టుకుని అది చూశాడు. తన జన్మలో తనకెవరూ అలా దారి ఇవ్వలేదు. మాడిన మూకుడు ఆరకముందే నిర్ణయం తీసుకున్నాడు.

పక్కనున్న చిన్న ఊళ్ళో ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరడానికి పరుగులు పెట్టాడు, నిచ్చెనలు మోశాడు, రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాడు. 2004లో చేరాడు. మనవాళ్ళు ఊరుకోలేదు. "ఎం.సి.ఏ. చదివి పైపు పట్టుకుంటావా?" అన్నారు. "మొగుడు ఆర్పుతాడు, పెళ్ళాం కట్టు కడుతుంది, ఫ్యామిలీ బిజినెస్," అన్నారు.

రెండేళ్ళ తర్వాత ఒక అపార్ట్‌మెంట్ తగలబడింది. వీరాంజనేయులు లోపలికి వెళ్ళి ఒక ముసలాయనను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ఊరి పేపర్లో ఫోటో పడింది. మొహమంతా మసి, కళ్ళు మాత్రం తెల్లగా. ఆ కథ మొదటి విందుకి ముసలాయనే. రెండో విందుకి ముసలాయనా ఆయన భార్యా. నాలుగో విందు నాటికి ఇద్దరు పసిపిల్లలు, ఒక పిల్లి, కిటికీ లోంచి దూకడం కూడా చేరాయి. ఆ అంతస్తులన్నీ ఎవరు కట్టారో ఇప్పుడెందుకు లెండి.

ఆ నాలుగో విందుకి వీరాంజనేయులు శుభ్రంగా తలంటి పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. వెనకనుంచి ఉమ వచ్చాక పట్టారు.

"ఓహో, నువ్వేనా! ఫోటోలో మసి చూసి ఎవరో మొనగాడనుకున్నాం. కడుక్కుంటే మళ్ళీ ఉమ మొగుడివే కదయ్యా," అన్నాడు ఒక పెద్దమనిషి.

ఇల్లు కూలేలా నవ్వారు. వీరాంజనేయులు ఈసారి నవ్వలేదు. ఆ రోజునుంచి అతను తన హెల్మెట్ కడగలేదు.

హెల్మెట్ ఒక్కటే కాదు. కోటు, ప్యాంటు, హెల్మెట్ కింద తలకూ మెడకూ తొడిగే గుడ్డ హుడ్, చేతి తొడుగులు, ఏదీ కడగలేదు. స్టేషన్‌లో అడిగేవాడూ లేడు. అక్కడ ఎవరి హెల్మెట్ ఎంత నల్లగా ఉంటే వాడు అంత పనిమంతుడు. వాళ్ళ కెప్టెన్ బ్రాడీ హెల్మెట్ అట్ల పెనం అడుగులా ఉండేది. కొత్త పసుపు హెల్మెట్‌తో వచ్చినవాడిని అరటిపండు అని పిలిచేవారు. కోట్లు ఉతకడానికి ఒక పెద్ద మెషీన్ ఉండేది కానీ దాని మీద కాఫీ కప్పులు పెట్టుకునేవారు. మంట ఆర్పి, అదే కోటుతో ఇంజన్‌లో కూర్చుని, అదే కోటుతో దారిలో శాండ్‌విచ్ తిని స్టేషన్‌కి వచ్చేవారు. వీరాంజనేయులు ఆ కోటునీ హెల్మెట్‌నీ ఇంటికి కూడా తెచ్చేవాడు. తేకూడదని ఎక్కడో రాసి ఉందట, కెప్టెన్ చూసీ చూడనట్టు వదిలేసేవాడు. పుట్టినరోజు పార్టీలకి పిలిచి, "కోటుతో రా, పిల్లలు ఫోటో దిగుతారు," అంటే మరి తేకుండా ఎలా?

ఇంట్లో ఉమ పోరేది.

"ఏమండీ, నేను హాస్పిటల్ చెప్పులు గుమ్మం దాటనివ్వను. మీరు కాలిపోయిన ఇంటినంతా బెడ్‌రూమ్‌లోకి మోసుకొస్తారా?"

"ఇది మసి ఉమా, జబ్బు కాదు."

"ఏం మసి? కట్టెల పొయ్యి మసా? సోఫాలు, కార్పెట్లు, టీవీలు, ప్లాస్టిక్ కుర్చీలు, అదీ మసి. దిండు గలీబు చూశారా? మూడుసార్లు సబ్బుతో స్నానం చేసి పడుకున్నా మీ మెడ ఆకారం నల్లగా దిగింది. మీ చెమటలోంచే వస్తోంది."

"నీకు కుళ్ళు. పది మందిలో నన్ను నా పేరుతో పిలుస్తున్నారని."

అప్పుడు ఉమ అతని దిండు తీసి గెస్ట్‌రూమ్‌లో పడేసింది. అతను అక్కడే పడుకున్నాడు, ఏళ్ళ తరబడి. నా చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ ప్రార్థనకు ముందు మా గోళ్ళు చూసేది. నల్లగా ఉంటే చెక్క స్కేలు నిలువుగా పట్టుకుని కణుపుల మీద కొట్టేది. దేవుడికి మురికి కనిపించదా అంటే, దేవుడికి తర్వాత, ముందు నాకు కనిపించింది అనేది. వీరాంజనేయులుకి అటువంటి సిస్టర్ ఒకరు దొరికి ఉంటే బాగుండేదనుకుంటాను. దొరికింది కానీ ఆలస్యమైంది, పైగా చిన్నపిల్ల.

ఆ పిల్ల భానుశ్రీ. మా ఎదురింటి పద్మజ కూతురు, ప్లేనోలోనే పుట్టింది. పద్మజ ఆమెను డాక్టర్‌ని చేద్దామని పదేళ్ళు కలలు కన్నది. పిల్ల బయాలజీ డిగ్రీ చేత పట్టుకుని, ఫైర్ అకాడమీలో చేరతానంది. పద్మజ ఇంట్లో ఎవరో పోయినట్టు ఏడ్చింది. "వీర అంకుల్ చేస్తే గ్రేట్, నేను చేస్తే ఏడుపా?" అంది పిల్ల. 2012లో అదే స్టేషన్‌లో, అదే ఇంజన్ మీద చేరింది. మొదటి ఏడాది ప్రొబేషన్. కెప్టెన్‌కి నచ్చకపోతే కారణం చెప్పకుండా పంపించేయవచ్చు.

వీరాంజనేయులు మొదట్లో ఎంత మురిసిపోయాడో! "మన పిల్ల, నన్ను చూసి వచ్చింది," అని అందరికీ చెప్పాడు. ఆ మురిపెం మొదటి మంట దాకా నిలిచింది.

మంట ఆరాక అందరూ మాస్కులు విప్పి, ఇంజన్ బంపర్ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. భానుశ్రీ మాత్రం మాస్క్ విప్పలేదు. ఇంజన్ పైపు సన్నగా తిప్పి కోటు మీద నీళ్ళు కొట్టుకుంది. బ్రష్‌తో భుజాలు, చేతులు, కాళ్ళు రుద్దుకుంది. అప్పుడు మాస్క్ తీసి, తడి గుడ్డతో మెడా చెవుల వెనకా తుడుచుకుని, కోటు ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి కట్టింది. అకాడమీలో కొత్తగా అలా నేర్పుతున్నారు.

కెప్టెన్ బ్రాడీ నోరు తెరుచుకుని చూశాడు. "ఏం చేస్తోంది ఈ పిల్ల?" అని వీరాంజనేయులుని అడిగాడు.

వీరాంజనేయులు చెప్పాడు. మా దేశంలో కొందరు ముసలమ్మలు ఉంటారు, తడిబట్ట కట్టుకుని, ఎవరినీ తాకకుండా, ఎవరైనా తాకితే మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుంటారు, ఈమె ఆ జాతి, అన్నాడు. అక్కడున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ క్షణం నుంచి భానుశ్రీ పేరు గ్రాండ్‌మా. ఆ పేరు పెట్టించింది మన తెలుగువాడే.

తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లతో తెలుగులో కూడా అన్నాడు. "ఏమ్మా, మడి కట్టుకున్నావా? మేం ముట్టుకుంటే మైలా?"

"అంకుల్, జోక్ కాదు. అది కాన్సర్ స్టఫ్. మీ నెక్ చూడండి, ఫుల్ బ్లాక్ ఉంది."

"నల్లగా ఉంటేనే పని చేసినట్టు."

"వాష్ చేసుకుంటే చెయ్యనట్టా?"

ఆ మర్నాడు ఆమె బూట్లలో తడి బూడిద ఉంది. ఆ వారం ఆమె శుభ్రమైన సంచిలో కాలిన ఇంటి గోడల్లోంచి పీకిన దూది కుక్కి ఉంది. ఒకసారి స్టేషన్‌లో ఆమె పడుకునే దిండు కింద కూడా. ప్రతిసారీ ఆమె తీసుకెళ్ళి కడిగింది. ఆమె కడిగినకొద్దీ వాళ్ళకు కసి పెరిగింది. అందులో కూడా వీరాంజనేయులు ముందుండేవాడు. వేరేవాళ్ళకు అది ఆట. అతనికి ఆట కాదు. ఆ పిల్ల చేసేది సరైనదైతే, ఇన్నేళ్ళు తను మోసింది పేరు కాదు, మురికి.

ఆ ఏడాది దసరాకి మనవాళ్ళు ఒక హాలు అద్దెకు తీసుకుని ఆయుధపూజ పెట్టారు. బల్ల మీద లాప్‌టాపులు, కార్ తాళాలు, ఎవరిదో వయొలిన్, ఒక కుట్టు మిషన్. నడిమధ్య వీరాంజనేయులు హెల్మెట్. దానికి బంతిపూల దండ. పూజారి గంధం పెట్టబోతే, "స్వామీ, మసి చెరక్కుండా పక్కగా పెట్టండి," అన్నాడు వీరాంజనేయులు.

పూజ అయ్యాక మనీషా అనే అమ్మాయి తన పసివాడిని ఎత్తుకుని హెల్మెట్ చూడటానికి వచ్చింది. వెంట ఆమె అత్తగారు రాధారాణి. గుంటూరు నుంచి ఆరు నెలలకి వచ్చిన మనిషి. వచ్చినప్పటినుంచీ ఇక్కడ మంచి కాటుక దొరకడం లేదని, మనవడికి దిష్టి తగులుతోందని బెంగ పెట్టుకుంది. ఆమె కళ్ళు హెల్మెట్ అంచు మీద పడ్డాయి.

"నిప్పులోంచి వచ్చిన మసి! దీన్ని మించిన దిష్టిచుక్క ఎక్కడుంటుందే?" అంటూ వేలితో గీకి, పసివాడి బుగ్గన ఒకటి, అరికాలిలో ఒకటి పెట్టింది.

హాల్లో ఎవరో "అవునవును" అన్నారు. ఇంకో తల్లి వచ్చింది. ఆమె వెనక ఇద్దరు. చూస్తూండగానే వరస కట్టారు. ప్రసాదం వరసకంటే ఇది పొడుగు. పూజారి మొహం మాడిపోయింది. వీరాంజనేయులు కుర్చీ వేయించుకుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన ప్రతి పసిగుడ్డుకూ తనే చుక్క పెట్టసాగాడు. తల్లులు అతని పేరు అడిగి తెలుసుకుని మరీ దండం పెడుతున్నారు. అతని ఛాతీ ఎంత పొంగిందంటే కుర్తా బొత్తాం ఒకటి ఎగిరి పాయసంలో పడింది. పిల్లలు అరికాలి చుక్క అరచేత్తో రుద్ది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటున్నారు.

అప్పుడే భానుశ్రీ లోపలికి వచ్చింది. ఒక్క నిమిషం ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక హ్యాండ్‌బాగ్‌లోంచి తడి గుడ్డల పాకెట్ తీసి, నేరుగా మనీషా దగ్గరికి వెళ్ళి, పసివాడి బుగ్గ తుడిచేసింది. వాడు కెవ్వుమన్నాడు.

"ఏమిటమ్మా అది! దిష్టిచుక్క చెరిపేస్తావా!" అంది రాధారాణి.

"ఆంటీ, ప్లీజ్, అది పాయిజన్. బర్న్ అయిన ప్లాస్టిక్, పెయింట్, సోఫా, అన్నీ ఉన్నాయి అందులో. మీ ఇంట్లో ప్లాస్టిక్ కాలిస్తే ఆ బ్లాక్ స్టఫ్ బేబీకి రాస్తారా?"

మనీషా కొడుకు అరికాలు చూసుకుంది. వరసలో ఇద్దరు ముగ్గురు తల్లులు ఒక అడుగు వెనక్కి వేశారు.

వీరాంజనేయులు అది చూశాడు. "ఈ పిల్ల మా స్టేషన్‌కి వచ్చి ఆరు నెలలు కాలేదు," అన్నాడు నవ్వుతూ, అందరికీ వినపడేలా. "నిప్పంటే భయం. అందుకని సబ్బుతో పోరాడుతోంది."

నవ్వులు మొదలయ్యాయి. పద్మజ తలెత్తలేకపోయింది. "భానూ, నోర్మూసుకుని ఇటు రా," అంది.

భానుశ్రీ రాలేదు. వీరాంజనేయులు ఒళ్ళోంచి హెల్మెట్ లాక్కుని, హాలు వెనకున్న కిచెన్ సింక్ వైపు నడిచింది. దండ తెగి బంతిపూలు దారంతా రాలాయి. ఆమె కుళాయి మీద చెయ్యి వేసింది. అతను ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్క చుక్క నీళ్ళు పడ్డాయో, నీ ప్రొబేషన్ ఇక్కడే అయిపోతుంది."

"అంకుల్, వాళ్ళు బేబీస్."

"నేను నీకు అంకుల్‌ని హాల్లో. స్టేషన్‌లో నీ సీనియర్‌ని. ఇచ్చెయ్."

ఆ పిల్ల అమ్మ వైపు చూసింది. అమ్మ నేల చూస్తోంది. హెల్మెట్ ఇచ్చేసింది. వరస మళ్ళీ కట్టారు. మనీషా కొడుక్కి రాధారాణి రెండో చుక్క పెట్టించింది, మొదటిదానికంటే పెద్దది.

ఉమ ఆ రోజు డ్యూటీలో ఉంది. లేకపోతే ఈ కథ ఇక్కడే ముగిసేది.

నెల తిరక్కుండా కెప్టెన్ బ్రాడీ సీనియర్లను పిలిచి భానుశ్రీ గురించి అడిగాడు. మిగతావాళ్ళు భుజాలెగరేశారు. వీరాంజనేయులు మాత్రం, "మనతో కలవదు. ముందు తన చర్మం, తర్వాతే మనం. మంటలో నా వెనక అటువంటి మనిషి వద్దు," అన్నాడు. కెప్టెన్‌కి అది చాలింది. ఆమె మంటలో ఎప్పుడూ వెనకడుగు వేయలేదన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మరునాడే ఆమె లాకర్ ఖాళీ అయింది.

పద్మజ వీరాంజనేయులు గరాజ్ దగ్గరికి వచ్చింది. నేను మా పచ్చికకి నీళ్ళు పెడుతున్నాను. అవసరానికి మించి పెట్టాను, వినాలని.

"అన్నయ్యా, నీ కూతురనుకో. కెప్టెన్‌తో ఒక్క మాట చెప్పు. అన్నం తినడం లేదు."

"ఎందుకు చెల్లెమ్మా బాధ? మెడిసిన్ చదివించు. రోజంతా చేతులు కడుక్కునే ఉద్యోగం అది. దానికి సరిపోతుంది," అన్నాడు వీరాంజనేయులు, కోటుని హేంగర్‌కి తగిలిస్తూ.

పద్మజ వెళ్ళిపోయింది. సంగతంతా ఉమకి ఆ సాయంత్రం తెలిసింది. ఆమె అరవలేదు. అతని కంచం, మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి గరాజ్‌లో కోటు కింద పెట్టింది. "మీ పేరుతో కలిసి భోంచెయ్యండి," అంది. అప్పటినుంచి అతని భోజనం అక్కడే. భానుశ్రీ అరిజోనా వెళ్ళి, చాండ్లర్ దగ్గర ఏదో ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిందని తర్వాత విన్నాం.

మరుసటి వేసవి. గరాజ్‌లో ఉక్కగా ఉందని అతను తలుపు ఎత్తి, స్టూలు మీద కూర్చుని తింటున్నాడు. ఉమ డ్యూటీ నుంచి వచ్చి కారు దిగింది. లోపలికి వెళ్ళబోతూ ఆగిపోయింది.

"ఆ నీళ్ళు తాగండి," అంది.

ఆమె తనతో మాట్లాడినందుకే సంబరపడి అతను గ్లాసు ఎత్తాడు. గుటక వేస్తూంటే మెడ కింద, హుడ్ అంచు ఆనే చోట, ఏదో చిన్న నిమ్మకాయలా పైకి కదిలి మళ్ళీ దిగింది. ఉమ దగ్గరికి వచ్చి రెండు వేళ్ళు పెట్టి చూసింది. అన్నేళ్ళలో ఆమె అతన్ని తాకడం అదే మొదలు.

"నొప్పి ఉందా?"

"లేదు."

"ఉంటే బాగుండేది," అంది ఉమ. "చొక్కా వేసుకోండి. వెళ్దాం."

థైరాయిడ్‌లో గడ్డ, కాన్సర్. కోశారు. గొంతు నరాన్ని అల్లుకుని ఉందట, గడ్డతో పాటు నరమూ పోయింది. ప్రాణం మిగిలింది. గొంతు మిగల్లేదు. కాగితం మడతపెట్టినట్టు గుసగుస ఒకటి వస్తుంది, అంతే. దేనివల్ల వచ్చిందో చెప్పలేం అన్నాడు డాక్టర్. "నేను చెప్పగలను," అంది ఉమ. డాక్టర్ ఆమె కళ్ళలోకి చూడలేదు.

వార్త ఊరంతా పాకింది. ఉమ ఫోన్ ఆగకుండా మోగింది. అన్నీ తల్లుల ఫోన్లే. "ఉమగారూ, ఆ రోజు మా వాడికి బుగ్గ మీద పెట్టారు, ఏమీ అవదు కదా?" "టెస్ట్ చేయించాలా?" "పాత చొక్కా పారేశాం, కార్ సీట్ కూడా పారెయ్యమంటారా?" ఆ మనిషి ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు. గుంటూరు నుంచి రాధారాణి కూడా చేసింది. "నేను వద్దు వద్దంటున్నా మీ ఆయనే పెట్టేశాడమ్మా," అంది. చూడటానికి వచ్చిన నలుగురూ గది గుమ్మం దాటలేదు. అంటుతుందనుకున్నారో ఏమో, కుర్చీ చూపిస్తే పనుందన్నారు.

భానుశ్రీ వచ్చింది. సెలవుకు ఇంటికి వచ్చి, వాళ్ళమ్మ వద్దంటున్నా హాస్పిటల్‌కి వచ్చింది. నేను అక్కడే ఆపిల్ పండు తింటున్నాను, అతని కోసం తెచ్చిందే. వీరాంజనేయులు ఆమెను చూడగానే లేచి కూర్చున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. ఏదో గొణిగాడు.

"వినపడలేదు, అంకుల్," అంది భానుశ్రీ మంచం పక్కన నిలబడి.

ఊపిరి కూడదీసుకుని, "సారీ అమ్మా," అన్నాడు. మెడ కట్టు కింద నరాలు ఉబ్బాయి.

"ఇంకా వినపడలేదు."

మూడోసారి అన్నాడు. అని దగ్గు తెరలో కొట్టుకుపోయాడు. అతని మొహం చెమటతో తడిసి ముద్దయింది. ఆమె దగ్గు తగ్గేదాకా ఓపిగ్గా చూసింది.

"ఓకే," అంది. "ఫస్ట్ టైమే వినపడింది."

తాతగారూ వెళ్ళొస్తాను అని నాకు మాత్రం దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆపిల్ ముక్క నా గొంతులో అడ్డం పడింది.

స్టేషన్‌లో ఆ ఏడాదే బ్రాడీ రిటైరయ్యాడు. డిపార్ట్‌మెంట్ మొత్తానికి కొత్తగా వచ్చిన చీఫ్ ఒక ఆడమనిషి. వచ్చీ రాగానే మెషీన్ మీది కాఫీ కప్పులు చెత్తబుట్టలో వేయించింది. ప్రతి మంట తర్వాత అక్కడికక్కడే కడుక్కోకుండా ఎవరూ ఇంజన్ ఎక్కకూడదంది. నల్ల హెల్మెట్లన్నీ సంచుల్లో కట్టి పంపించేసి, కొత్తవి ఇచ్చింది. వీరాంజనేయులు తిరిగి వెళ్ళేసరికి అతని పేరు రాసిన కొక్కేనికి నిగనిగలాడే పసుపు హెల్మెట్ వేలాడుతోంది. లోపలికి మాత్రం పంపనంది చీఫ్. మంటలో రేడియోలో అరవలేనివాడు తను చస్తాడు, ఇంకొకడిని చంపుతాడు. కావాలంటే ఒక పని ఉంది, బకెట్, సబ్బు, బ్రష్, పైపు. బయటికి వచ్చినవాళ్ళను కడగాలి.

అతను ఇంటికి వచ్చి ఉమతో, రాజీనామా ఇస్తానన్నాడు.

"ఇవ్వండి," అంది ఉమ. "ఇంట్లో గిన్నెలు ఉండనే ఉన్నాయి. ఎటూ కడగడమే కదా."

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు.

మొదట్లో కుర్రాళ్ళు అతన్ని లెక్కచేయలేదు. పక్కనుంచి జారుకుని ఇంజన్ ఎక్కేసేవారు. గొంతు లేనివాడు ఎవరిని ఆపగలడు? కానీ అతని చేతిలో పైపు ఉంది. ఒకడు ఎక్కబోతుంటే వెనకనుంచి వాడి వీపు మీద కొట్టాడు, వాడు మెట్టు మీంచి బురదలో బోర్లా పడ్డాడు. ఆ తర్వాత జారుకోవడాలు తగ్గాయి. కోటు మీద రుద్దడం కూడా గుర్రాన్ని తోమినట్టు తోమేవాడు. మెడ తుడిచే గుడ్డ తనే అందుకుని, చెవుల వెనక చర్మం ఎర్రబడేదాకా రాసేవాడు. వద్దంటే ఇంకాస్త గట్టిగా. అతని కళ్ళలో జాలి అనేది మచ్చుకైనా ఉండేది కాదని వాళ్ళే చెప్పుకునేవారు. వాళ్ళకు అతనంటే ఇష్టమా అంటే లేదు. భయమా అంటే అదీ కాదు. వర్షాన్ని తిట్టినట్టు తిట్టేవారు.

2015 జనవరిలో ఆ పక్క ఊళ్ళో మేం కూరగాయలు కొనే దుకాణం వరసలో ఒక ఫర్నిచర్ షాపు తగలబడింది. టెక్సస్‌లో చలి ఉండదని చెప్పినవాడు ఆ రోజు అక్కడ నిలబడి ఉండాల్సింది. నీళ్ళు నేల మీద పడగానే గాజులా బిగుసుకుంటున్నాయి. మేం ఓ ఇరవై మందిమి పార్కింగ్ లాట్‌లో సంచులు పట్టుకుని చూస్తున్నాం. మంట ఆరింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు, మసి ముద్దల్లా. ఎదురుగా వీరాంజనేయులు.

"ప్లీజ్, ఇవాళొక్కరోజుకి వదిలెయ్. గడ్డకట్టి చస్తాను," అంటున్నాడు మొదటివాడు పళ్ళు టకటకలాడిస్తూ.

వీరాంజనేయులు పైపు తిప్పాడు. ఆ కుర్రవాడు వేసిన కేకకి నా చేతిలోని సంచి జారిపడింది. ఒకరి తర్వాత ఒకరు. అతను తడవలేదా అంటే మోకాళ్ళ దాకా తడిశాడు, మీసం మీద మంచు పేరుకుంది. బ్రష్ ఆపలేదు.

మా పక్కన ఒకాయన నిలబడ్డాడు. ఈ మధ్యే మోరిస్‌విల్ అనే ఊరి నుంచి బదిలీ అయి వచ్చాడట, మంచి ఉన్ని కోటు. "పాపం, లోపల ప్రాణాలకు తెగించి వస్తే బయట ఈ రాక్షసుడెవరండీ?" అన్నాడు.

"వాడా?" అన్నాడు ఇంకొకాయన. ఆరేళ్ళ కిందట అతని చేత తన పిల్లల బర్త్‌డేకి కోటు వేయించి ఫోటోలు దిగినవాడే. "వాడు లోపలికి వెళ్ళే రకం కాదులెండి. కడిగేవాడు."

వీరాంజనేయులు విన్నాడు. అతను అటే తిరిగి చూశాడు కాబట్టి నాకు తెలుసు. ఒక క్షణం అతని మొహంలో ఏమీ లేదు. తర్వాత పైపు మూతి మా వైపు తిరిగింది.

ఉన్ని కోటాయన పరిగెత్తి జారి పడ్డాడు. రెండో ఆయన కార్ వెనక దాక్కోబోయి, ఆ కార్‌తో సహా తడిశాడు. నేను ముసలివాడిని, ఎక్కడికి పోను? నా మీద కూడా పడ్డాయి, నెత్తి మీంచి చెప్పుల దాకా. సంచిలో బెండకాయలు కూడా తడిశాయి. కుర్రాళ్ళు వణుకుతూనే చప్పట్లు కొట్టారు. చీఫ్ ఎక్కడినుంచో "వీర్! వీర్! ఆపు!" అని అరుస్తోంది.

అతను వెంటనే ఆపలేదు. గొంతు లేకుండా నవ్వుతున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వు అయ్యాక పైపు మళ్ళీ కుర్రాళ్ళ వైపు తిప్పి, చివరివాడిని మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవుల వెనక రుద్దడం మొదలుపెట్టాడు.